ఉష్ణకందుక సంగ్రామము

వినుడు, వినుడు, చేతిలోని పని పక్కనబెట్టి వినుడు! ఆఫీసుల తలుపులు మూతపడి, లిఫ్టులు కిక్కిరిసి కిందికి దిగి, ఇళ్ళకు చేరవలసిన జనమంతా సిగ్నళ్ళ దగ్గర నిలిచి హారన్లు మోగిస్తూ ఒకరి వంశాన్ని మరొకరు కీర్తించుకొనుచున్న సాయంసంధ్యాసమయమున, ఈత కొలనులోని క్లోరిను, బిలియర్డ్స్ గదిలోని సుద్దపొడి, వ్యాయామశాలలోని పురుషస్వేదము అను త్రివిధ పరిమళములు ఏకమై గుప్పుమను ఒకానొక పేట క్లబ్బునందు, మెట్లు దిగిన వెంటనే కుడిచేతి వైపున, మూడు దిక్కుల ధవళకుడ్యములతో, నాలుగవ దిక్కున గాజుతలుపుతో, నెత్తిన మిణుకు మిణుకుమను గొట్టపు దీపములతో విరాజిల్లు స్క్వాష్ కోర్టు అను దుర్గమొకటి కలదు.

స్క్వాష్ అంటే తెలియని పుణ్యాత్ముల కోసం ఒక్క ముక్క. ఇద్దరు మనుషులు ఒక గదిలో దూరి తలుపు వేసుకుని, ఒకరినొకరు బాదుకోవడం మర్యాద కాదు గనుక, రబ్బరు బంతితో గోడను బాదే ఆట అది.

ఆ దుర్గద్వారం పక్కన నిలువెత్తు పోస్టరు ఒకటి ఉంది. "మహిళలారా, బాలికలారా, రండి! స్క్వాష్ ఆడండి! రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు కోర్టు మీదే!" అని గులాబీ రంగు అక్షరాలు. వాటి కింద ఒక సుందరి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆమె చేతిలో ఉన్నది బ్యాడ్మింటన్ బ్యాటు. పోస్టరు వేయించిన పెద్దమనుషుల్లో ఒక్కరి కంటికీ ఆ సంగతి ఆనలేదు. వారి చూపు బ్యాటు దాకా వెళ్ళలేదేమో, మనకెందుకు.

పోస్టరు కింద ఒక బెంచీ. ఆ క్లబ్బులో మహిళల స్క్వాష్ అంతా ఇంతవరకు ఆ బెంచీ మీదే జరిగింది.

మన కథానాయిక జానుసంధి చికిత్సాధురంధర, స్తబ్ధస్కంధ భంజని, నడుంనొప్పి నివారిణి. అనగా ఫిజియోథెరపిస్టు. పేటలో అందరూ ఆమెను మోకాళ్ళ మేడమ్ అంటారు. పులుల్లాంటి మగవాళ్ళు ఆమె బల్ల మీద బోర్లా పడుకుని, ఆమె బొటనవేలు నొక్కగానే "అమ్మా" అని అరవడం ఆమె రోజూ వినేదే. అయినా ఆ బెంచీ మీద కూర్చునేసరికి మేడమ్‌కి నోరు పెగిలేది కాదు. ఎందుకు పెగలదంటే, లోపల కోర్టును ఆక్రమించి ఉన్న మహాయోధుడు మరెవరో అయితే ఒక పట్టు పట్టేదే. ఆయన సాక్షాత్తూ బావగారు. కట్టుకున్నవాడి అన్న. సిమెంటు వ్యాపారి. పెళ్ళైన నాటినుంచి ఆయన ముందు "అలాగే బావగారూ" తప్ప ఇంకో వాక్యం పలికిన పాపాన పోలేదు ఆమె.

ఆ బావగారి ప్రతాపమేమని వర్ణింతును! కుడ్యతాడన ప్రచండుడు, తువ్వాలు కంఠాభరణుడు, ఎన్నేళ్ళు గడిచినా ఎన్నికల బెడద లేకుండా క్లబ్బులోని మహిళా ప్రోత్సాహక ఉపసంఘానికి అధ్యక్షుడు. ఆ ఉపసంఘంలో ఆడమనిషి లేదు. ఆడవాళ్ళను ప్రోత్సహించే పనికి ఆడవాళ్ళను పిలిచి ఇబ్బంది పెట్టడమెందుకని ఆయన పెద్దమనసు.

అయ్యా, అంత ప్రోత్సహించేవాడు వాళ్ళ గంటలో తాను ఎందుకు ఆడుతున్నాడని మీరడగవచ్చు. దానికొక ధర్మసూక్ష్మం ఉంది. స్క్వాష్ బంతి చల్లగా ఉంటే చచ్చిన బంతి. నేలకేసి కొట్టినా అక్కడే చతికిలబడుతుంది. గోడకు బాదగా బాదగా లోపలి గాలి వేడెక్కి, అప్పుడు ఎగరడం మొదలుపెడుతుంది. కష్టపడి వేడెక్కించిన బంతిని సగంలో చల్లార్చడం మహాపాతకమని ఆ క్లబ్బు పెద్దలు ఏనాడో తీర్మానించారు. వేడి బంతి ఎవరిదో కోర్టు వారిదే. ఎక్కడా రాసిలేదు గానీ, అక్కడి మగవాళ్ళు తమ పెళ్ళినాటి ప్రమాణాలకంటే గట్టిగా పాటించే నియమం ఇదొక్కటే. బెంచీ మీది ఆడవాళ్ళ బంతి వేడెక్కాలంటే వాళ్ళు లోపలికి రావాలి. లోపలికి రావాలంటే బంతి వేడెక్కాలి. బావగారు నీళ్ళు తాగేటప్పుడు కూడా తన బంతిని చంకలో నొక్కిపట్టుకునే తాగేవాడు. ఆరు కొట్టినా, ఆరున్నర కొట్టినా, గాజు వెనకనుంచి ఒకటే మాట. "లాస్ట్ గేమమ్మా!"

ఇట్లుండగా పిడుగులాంటి వార్త ఒకటి మేడమ్ భోజనాల బల్ల మీదనే పడింది. ఆదివారం భోజనానికి వచ్చిన బావగారు చెయ్యి కడుక్కుంటూ చల్లగా చెప్పాడు.

"ఈ బుధవారం ఏడింటికి కమిటీ మీటింగుందమ్మా. ఆ లేడీస్ టైమ్ తీసేస్తున్నాం. మేమెంత ప్రోత్సహించినా ఆడవాళ్ళు రావట్లేదు, ఏం చేస్తాం."

"మేం రోజూ వస్తున్నాం కదా బావగారూ?" అని నోరు జారింది మేడమ్.

"రావడం వేరు, ఆడడం వేరమ్మా. ఇప్పటిదాకా ఒక్క లేడీ ఒక్క గేమైనా ఆడిందా? కార్యదర్శిగారు నిక్కచ్చి మనిషి. ఆడినట్టు ఆయన కళ్ళతో చూస్తే ఉంచుతాడు, లేకపోతే లేదు. ఆ టైమ్ సీనియర్స్‌కి ఇచ్చేస్తాం."

సీనియర్స్ అనగా బావగారు. మేడమ్ భర్త పెరుగు కలుపుకుంటూ, "అన్నయ్యతో ఎందుకులే" అన్నట్టు కంటితో సైగ చేశాడు. మేడమ్ "అలాగే బావగారూ" అంది. అని, వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఆమె బాధ తన కోసం కాదు, కూతురి కోసం. హైస్కూలు పిల్ల. ఏడాదిగా భుజాలు ముందుకు వాల్చి, వెన్ను గూని చేసుకుని, ఎవరి కంటా పడకుండా గోడ వారగా నడవడం అలవాటు చేసుకుంది. ఊళ్ళోవాళ్ళ వెన్నులన్నీ సరిచేసే తల్లి చేతికి సొంత పిల్ల వెన్ను లొంగలేదు. బావగారికి జ్వరమొచ్చిన ఒకే ఒక్క పుణ్యదినాన తల్లీకూతుళ్ళిద్దరూ కోర్టులోకి వెళ్ళారు గానీ, బంతి వేడెక్కేలోపే కరెంటు పోయి బయటికొచ్చారు. కానీ ఆ కాస్తలోనే ఆ పిల్ల బంతిని గోడకేసి కొట్టి, ఆ చప్పుడు విని, పెద్దగా నవ్వింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. మేడమ్ ఆ భుజాలను చూసింది. అప్పటినుంచి ఆమెకు ఇంకేం అక్కర్లేదు.

బుధవారం పొద్దున బడికి వెళ్తూ పిల్ల గుమ్మంలో ఆగి అంది. "అమ్మా, ఇవాళ కూడా బెంచీయే అయితే నా రాకెట్ ఎవరికైనా ఇచ్చెయ్యి. నేనింక రాను."

"అలా అనకే."

"మరేమనాలి? నువ్వు పెదనాన్నని ఏమీ అనవు. నన్ను మాత్రం అనద్దంటావు."

అంతటి మాట అనిపించుకుని, ఆ వీరమాత క్లినిక్కుకు పోయెను. పోయిన వెంటనే, దైవము ఆమె పక్షమున ఉండుటచేత, బల్లపై తన పాడుబడిన కుడిమోకాలిని ప్రతిష్ఠించి పవళించి ఉన్న ప్లీడరుగారు దర్శనమిచ్చెను. ఈయన బావగారి నిత్య ప్రత్యర్థి, అంటే రోజూ లోపల ఆయనతో ఆడి ఓడే మిత్రుడు. మేడమ్ మరుగునీళ్ళ తొట్టిలోంచి వేడి సంచీ తీసి, తువ్వాలు చుట్టి, ఆయన మోకాలికి వేసింది. ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

"ప్లీడరుగారూ, ఒక డౌటు. వేడి బంతి ఎవరిదో కోర్టు వాళ్ళదే అంటారు కదా. లోపలివాళ్ళ బంతికంటే బయటివాళ్ళ బంతి ఎక్కువ వేడిగా ఉంటే?"

ఆయన కళ్ళు తెరవకుండానే తీర్పిచ్చాడు. "అప్పుడు బయటివాళ్ళదే. ఎక్కువ వేడి ఎవరిదైతే వారిదే. అది లా. కానీ బయటున్న బంతి ఎలా వేడెక్కుతుంది మేడమ్?" అని, తన చమత్కారానికి తానే నవ్వి, నవ్వుతో మోకాలు కదిలి, "అమ్మా" అన్నాడు.

మేడమ్ తొట్టి వైపు చూస్తోంది. ఆవిరి లేస్తోంది.

ఆ సాయంత్రం, క్లినిక్కు మూసే వేళ, మహాగ్నికుండసమానమైన ఆ తొట్టిలో మరుగుతున్న వేడి సంచీల మధ్య, నీరు తగలకుండా చిన్న కవరులో మూతి బిగించి, తమ రబ్బరు కందుకాన్ని ఆమె పరుండబెట్టెను. తరువాత రెండు సంచీల నడుమ దాన్ని దాచి, తువ్వాళ్ళు చుట్టి, ఆపై ఒక చలికోటు కప్పి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పొట్టకు హత్తుకుని బయలుదేరెను. బస్సులో ఒకావిడ జాలిపడి సీటిచ్చింది. "ఎన్నో నెల?" అని కూడా అడిగింది. మేడమ్ మొహమాటానికి "రోజులు దగ్గరపడ్డాయండీ" అంది.

కూతురు అప్పటికే బెంచీ మీద ఉంది. ముఖం వేలాడేసుకుని, రాకెట్ తీగలు లెక్కపెడుతోంది. లోపల బావగారు, ప్లీడరుగారు బాదుడు మీదున్నారు. గోడ గడియారంలో ఆరు దాటి చాలాసేపైంది. మేడమ్ కూర్చోలేదు. కూతురి పక్కన నిలబడి, కోటులోంచి మూట బయటకు తీసింది.

"ఏంటది?" అంది కూతురు.

"ముట్టుకోకు, కాలుద్ది," అంది తల్లి. తలుపు తట్టింది.

ఆహా, ఆ తట్టు! పెళ్ళైన తరువాత బావగారి తలుపును ఆమె తట్టడం అదే మొదలు. ప్లీడరుగారు గురితప్పి తన మోకాలినే కొట్టుకున్నాడు. అంతట కుడ్యతాడన ప్రచండుడు రాకెట్‌ను గదవలె భుజాన మోపి, తలుపు తెరచి, స్వేదధారలు గడ్డమునుంచి జాలువారగా, క్లబ్బు వార్షికోత్సవముల్లో మైకు ముందు పలుకు కంఠమును పూని ఇట్లనెను:

"అమ్మా! స్త్రీ అంటే శక్తి. స్త్రీ ఆడితేనే ఇల్లు ఆరోగ్యంగా ఉంటుంది, ఇల్లు ఆరోగ్యంగా ఉంటేనే సమాజం ఆరోగ్యంగా ఉంటుంది. మీరంతా ముందుకు రావాలి, ఈ కోర్టు మీది, ఈ గోడ మీది, ఈ క్లబ్బు మీది. లాస్ట్ గేమ్, అయిపోవచ్చింది, అలా కూర్చోండి."

వెనక కూతురు చూస్తోంది. "అలాగే బావగారూ" అన్న మాట మేడమ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగింది.

"బావగారూ, మీ బంతి వేడిగా ఉందా?"

"సెగలు కక్కుతోందమ్మా," అన్నాడాయన గర్వంగా, చంకలోంచి తీసి చూపిస్తూ.

"మాది ఇంకా వేడి."

లోపలినుంచి నవ్వులు వినబడ్డాయి. ఇద్దరే నవ్వినా కోర్టులో పదిమంది నవ్వినట్టుంటుంది. ఆ అట్టహాసం విని మీటింగుకు వస్తున్న కార్యదర్శిగారు మెట్ల దగ్గర ఆగాడు. ఎండిన మనిషి, నిక్కచ్చి మనిషి, తన ఇంట్లో గోడ గడియారాన్ని రోజూ టీవీ వార్తలతో సరిచూసుకునే మనిషి. సంగతి విని, ధర్మాసనం మీద కూర్చున్నట్టు బెంచీ మీద కూర్చుని, రెండు అరచేతులూ చాపాడు.

"నియమం నియమమే. రెండూ ఇక్కడ పెట్టండి. ఏది వేడో నేను చెప్తా."

ఎడమ అరచేతిలో చంకపక్వమైన బావగారి బంతి పడింది. "ఊఁ, గోరువెచ్చగా ఉంది," అన్నాడాయన ముక్కు ఎగబీల్చి, ఆ చేతిని కాస్త దూరంగా జరిపి. అప్పుడు మేడమ్ ఒక్కొక్క తువ్వాలూ విప్పి, సంచీలు తొలగించి, కవరు మూతి తెరిచి, కుడి అరచేతిలోకి వంచింది.

"అబ్బబ్బబ్బా!"

ఆ ఆర్తనాదమునకు బిలియర్డ్స్ గదిలో ఒకని గురి తప్పెను. కార్యదర్శిగారి అరచేతినుండి విసరబడిన ఆ ఉష్ణకందుకము నేలను తాకి, తాకిన చోట చతికిలబడక, జన్మజన్మల పగ తీర్చుకొనుచున్నట్లు ఎగసి, పైకప్పును తాకి, పోస్టరులోని సుందరి పళ్ళ మీద ఒక్కటి ఇచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి దుర్గములోనికి తానే దూరి, బావగారి తువ్వాలు మీదుగా, ప్లీడరుగారి కాళ్ళ సందునుండి, ముందుగోడను దబ్బున తాకి, తిరిగి వచ్చి గడప దగ్గర ఆడుతూ నిలిచెను.

"దీనికి ప్రాణముందేంటి!" అన్నాడు కార్యదర్శి, చెయ్యి ఊదుకుంటూ.

ప్లీడరుగారు వెంటనే రంగంలోకి దిగాడు. "అబ్జెక్షన్! ఇది కృత్రిమమైన వేడి. ఆడి వేడెక్కించిన బంతికే హక్కుంటుంది."

"చంకలో పెట్టుకున్న వేడి ఏ రకం వేడండీ?" అంది మేడమ్. "పొద్దున నా బల్ల మీద పడుకుని మీరే చెప్పారు. ఎక్కువ వేడి ఎవరిదైతే వారిదే అని, అది లా అని."

"అది... వైద్యుల దగ్గర అన్న మాట... గోప్యంగా..."

"గోప్యం నాకుండాలి ప్లీడరుగారూ, మీక్కాదు. మీరు ఇంకేం అరిచారో నేను బయట పెట్టట్లేదు చూడండి. రేపు పొద్దున మళ్ళీ వస్తున్నారు కదా?"

ప్లీడరుగారి చెయ్యి తనంత తానే కుడిమోకాలి మీదికి వెళ్ళింది. ఎర్రబడిన అరచేతిని అందరికీ చూపిస్తూ కార్యదర్శి తీర్పు చెప్పాడు. "నియమం ప్రకారం కోర్టు వీళ్ళదే. బయటికి రండి."

బావగారు బయటికి వచ్చాడు. రావడం ఎలా వచ్చాడనుకున్నారు? దానం చేస్తున్నవాడిలా వచ్చాడు. "పోనీలెండి, మనింటి పిల్లే కదా, ఆడుకోనీ," అన్నాడు, మేడమ్ కూతురి తల నిమరబోయాడు. ఆ పిల్ల ఆయన చేతి కిందనుంచి వంగి, రాకెట్‌తో సహా లోపలికి జారిపోయింది. మేడమ్ వెనకాలే వెళ్ళింది.

ఏడు కావడానికి ఇంకెంతో సేపు లేదు. వచ్చిన చిక్కేమిటంటే, ఆ బంతి అతివేడికి పిచ్చెక్కి ఉంది. కూతురు మెల్లగా తాకిస్తే పైకప్పుకు పోతోంది, మేడమ్ ఎదురెళ్తే నెత్తి మీదుగా పోతోంది. మేడమ్ ఒకసారి బంతికోసం, ఇంకోసారి తనకోసం వెతుక్కుంది. కూతురు పగలబడి నవ్వుతోంది. "అమ్మా, అటు కాదు! ఇటు! అయ్యో, ఇటు!" బంతి కాస్త చల్లబడి దారికొచ్చేసరికి ఆ పిల్ల నవ్వు ఆపి, కాళ్ళు విడదీసి, మోకాళ్ళు వంచి, గోడనే చూస్తూ నిలబడింది. వెన్ను తిన్నగా ఉంది. మేడమ్‌కి కళ్ళు చెమర్చాయి, దాంతో ఇంకో బంతి తప్పిపోయింది.

అప్పుడే గాజు మీద టకటకమని చప్పుడైంది. బావగారు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తువ్వాలు తీసి, తల దువ్వుకుని ఉన్నాడు. కమిటీ సభ్యులంతా ఆయన వెనక వరసగా నిలబడ్డారు.

"అమ్మా, ఒక్క నిమిషం బయటికి రండి. ఉపసంఘం తరఫున ఫోటో. మా ప్రోత్సాహం ఫలించింది కదా, న్యూస్ లెటర్‌లో వేస్తాం. రాకెట్లు పట్టుకుని ఇలా మా మధ్యలో నిలబడండి, చాలు. ఆట తర్వాతైనా ఆడుకోవచ్చు."

మేడమ్ ఆగింది. తర్వాత అంటే ఏడు దాటుతుంది. బయట కార్యదర్శి ఒక కన్ను గోడ గడియారం మీదా, ఒక కన్ను కోర్టు మీదా పెట్టి ఉన్నాడు. గేమ్ పూర్తయితేనే ఆడినట్టు. కూతురు తల్లి మొహంలోకి చూస్తోంది. ఏమంటుందోనని చూస్తోంది, పొద్దున గుమ్మంలో చూసినట్టే.

"ఆట మధ్యలో ఉన్నాం బావగారూ," అంది మేడమ్. "తలుపు వెయ్యండి."

ఎన్ని వేల బస్తాల సిమెంటు అమ్మినవాడైనా, అంత గట్టిగా నిలబడిపోవడం బావగారి జీవితంలో అదే ప్రథమం. చివరకు కార్యదర్శే లేచి తలుపు వేశాడు.

ఇంక చెప్పవలసినది చెప్పి ముగించెదను. చప్పుడు చేయకుడు, ఇది విజయవార్త. పదిలముగా వినుడు. ఆ బుధవారపు సాయంత్రమున, గోడ గడియారము ఏడు కొట్టుటకు రెప్పపాటు ముందర, స్వకీయ బావగారును, విచిత్రముగా నిశ్శబ్దుడైన ప్లీడరుగారును, ఊదుకొనుచున్న అరచేతితో కార్యదర్శిగారును, యావత్ కార్యవర్గమును గాజుకు ముక్కులు ఆనించి చూచుచుండగా, జానుసంధి చికిత్సాధురంధరయు, స్తబ్ధస్కంధ భంజనియు, నడుంనొప్పి నివారిణియు నగు మోకాళ్ళ మేడమ్, మహిళా సమయమున, మహిళలకు కేటాయించిన కోర్టునందు, ఆ క్లబ్బు చరిత్రలో స్త్రీలు పూర్తిగా ఆడిన ప్రప్రథమ గేమునందు, పొగ చిమ్మునట్లు పరుగెత్తి, రెండుసార్లు గోడను గుద్దుకొని, ఒకసారి కూతురినే గుద్దుకొని, ఒక్కటంటే ఒక్క పాయింటైనను దక్కించుకొనజాలక, హైస్కూలు పిల్ల చేతిలో సున్నాకు, సంపూర్ణముగా, నిర్ద్వంద్వముగా, అందరూ చూచుచుండగా, లోపల, ఓడిపోయెను.